పల్లె విడిచి పట్టణము చేరవచ్చునా? చిట్కుల్ రైతుల అభిప్రాయములు

వానకారునకు ముందు కంది విత్తనమును గూర్చి మాటలాడుటకై మేము పటాన్‌చెరు మండలములోని చిట్కుల్ గ్రామమునకు పోయియుంటిమి. విత్తనశుద్ధి, సాళ్ల యెడము మొదలగు సంగతులు ముగిసిన పిమ్మట, సందేహములున్న అడుగుడని కోరితిమి. వెనుక కూర్చున్న ఒక సభ్యుడు లేచి, "సారూ, విత్తనం సంగతి సరే. నాకున్న రెండెకరాలు అమ్మి సంగారెడ్డిల ఇల్లు కొనుక్కుంటే మంచిదా, కాదా? అది చెప్పుండ్రి" అని యడిగెను. కొందరు నవ్విరి. అతడు నవ్వలేదు. మేమును వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

ఈ ప్రశ్న అతని యొక్కనిది కాదని త్వరలోనే తెలిసికొంటిమి. అందుచేత మరల రెండు మారులు ఆ ప్రాంతమునకు పోయి, ఊర నున్నవారిని, పట్టణమునకు తరలినవారిని, తరలి తిరిగి వచ్చినవారిని విచారించితిమి. వారు చెప్పిన దానిని, దానిపై మాకు తోచిన దానిని సభ్యుల ముందుంచుచున్నాము.

ఈ యాలోచన ఏల పుట్టినది?

చిట్కుల్ పటాన్‌చెరునకు, సంగారెడ్డికి నడుమ, ముంబయి రహదారికి చేరువ నున్నది. 1970 తరువాత ఈ చుట్టుప్రక్కల పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు వరుసగా వెలసినవి. పిల్లలకు పని దొరికినది. దానితోపాటు మురికినీరును వచ్చినది. ఆ నీటిని నక్కవాగు మోసికొనిపోయి మంజీరలో కలిపెను. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము ఏర్పడినది. అయినను 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు కలదని ప్రకటించిరి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని పారిశ్రామిక ప్రాంతములను లెక్కగట్టినప్పుడు, పటాన్‌చెరు-బొల్లారము 70కి మించిన అంకెతో మిక్కిలి కలుషితమైన వాని జాబితాలో చేరెను. 2025 జూను 30న పాశమైలారములోని ఒక మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. ఇట్టి చోట నివసించువారికి ఊరు విడువవలెనను తలంపు కలుగుట వింత కాదు.

మరియొక కారణము భూమి ధర. ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినది. ఎకరమునకు 4,840 గజములని నేడు చిన్నపిల్లవాడును చెప్పుచున్నాడు.

పోవలెనన్న వారి మాట

పోవలెనన్న వారిలో ఆడువారే ఎక్కువగా కనబడిరి. రాత్రివేళ వచ్చు ఘాటైన వాసన, బోరు నీటిపై నమ్మకము లేకపోవుట, ఆడపిల్లల చదువు, ఈ మూడే వారు చెప్పిన కారణములు. హైదరాబాదు వలదనియు, అచ్చటి కిరాయిలు తాము భరింపజాలమనియు వారే యనిరి. సంగారెడ్డి యైనచో జిల్లా కచేరీలు దగ్గర, పెద్దాసుపత్రి దగ్గర, 2022లో వైద్య కళాశాలయు వచ్చినది. అదిగాక ఊరిలో పెండ్లి యైనను చావైనను గంటలో రావచ్చును. పెద్ద నగరమున మనిషి తప్పిపోవును, చిన్న పట్టణమున మన మొగము ఎరిగినవారు ఉందురని వారి వాదము. ఇది త్రోసివేయదగిన మాట కాదు.

పోయి చూచిన వారి మాట

పొలమంతయు అమ్మి సంగారెడ్డిలో ఇల్లు కట్టుకొన్న ఒక పెద్దాయనను చూచితిమి. ఇల్లు చక్కగా నున్నది. కుళాయి నీరు వచ్చుచున్నది. మనుమలు బడికి పోవుచున్నారు. ఆయన మాత్రము అరుగుమీద కూర్చుండి, "పైసలున్నయి గని పని లేదు, సారూ" అనెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చునట, లేచి చేయవలసినది ఏమియు ఉండదట. పైసలును ముందటివలె లేవని ఆయన భార్య లోపలినుండి చెప్పెను. ఇల్లు, కారు, పెండ్లి, చెల్లెండ్రకిచ్చిన భాగము పోగా, మిగిలినదానిపై వడ్డీతో ఇల్లు గడుచుచున్నది.

తిరిగి వచ్చిన ఒక కుటుంబము వారి మాట వేరు. వారు అయిదు గుంటలు, పాత ఇల్లు అమ్మక మిగిల్చుకొనిరి. అందుచేతనే తిరిగి రాగలిగిరి.

మరియొక సంగతి మా కండ్లు తెరపించినది. మనము విడువదలచిన ఈ ఊళ్లకే ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి కూలీలు వచ్చి, చిన్న గదులు కిరాయికి తీసికొని బ్రదుకుచున్నారు. వారికి మన పల్లెయే పట్టణము. పొలము పోయిన రైతులు కొందరు ఆ గదుల కిరాయితోనే జీవించుచున్నారు.

మా తప్పు

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలెను. సుమారు పదునైదేండ్ల క్రిందట వాగువైపు పొలమున్న ఒక సభ్యుడు అమ్మివేయుదునని మాతో ననగా, మేము వారించి, జిప్సము, పశువుల ఎరువు వేసి మరల వరి నాటుమంటిమి. నీటిని పరీక్షకు పంపకయే చెప్పిన మాట యది. పొట్టదశలో పైరు ఎఱ్ఱబడి తాలుపోయెను. అతనికి అప్పు మిగిలెను. మరుసటి యేడు అదే పొలమును అగ్గువకు అమ్ముకొనెను. భూమిమీది ప్రేమ లెక్కకు బదులు కాజాలదని నాడు నేర్చితిమి. పట్టణముమీది ఆశయు అట్లే లెక్కకు బదులు కాజాలదు.

లెక్క

అయిదుగురున్న ఇంటిలో దినమునకు రెండు కిలోల బియ్యము వండుదురనుకొనుడు. ఏటికి 730 కిలోలు. వడ్లలో మూడింట రెండుపాళ్లు బియ్యమగునని చూచినచో, సుమారు 11 క్వింటాళ్ల వడ్లు కావలెను. మంచినీరున్న అరయెకరము దానిని ఒక్క కారులో ఇచ్చును. పట్టణమున ఆ బియ్యము, ఒక బర్రె పాలు, పెరటి కూరలు, అన్నియు కొనవలసినవే. ఇదిగాక 2025 జనవరి నుండి రైతు భరోసా క్రింద ఎకరమునకు ఏటికి 12,000 రూపాయలు, 2018 నుండి 18-59 ఏండ్ల పట్టాదారులకు అయిదు లక్షల రైతు బీమా నిర్ణయింపబడినవి. పట్టా పోయిన నాడు ఈ రెండును పోవును. మరియొక ప్రక్క మందుల ఖర్చు, చెడిన బోర్లు, దినదినము బిడ్డల బస్సు కిరాయి వ్రాయుడు. కొందరి యిండ్లలో ఈ రెండవ ప్రక్కయే బరువగును. అట్టివారు పోవుటయే మేలు.

మా సలహా

మొదటిది. నీటిని, మట్టిని పరీక్షింపజేసి, ఫలితము చూచిన పిమ్మటనే ఏ నిశ్చయమైనను చేయుడు.

రెండవది. అమ్ముటకు ముందు ఒక యేడాది పట్టణమున కిరాయి యింట నుండి చూడుడు. పొలమును అంతవరకు తమ్మునికో, పాలివానికో కౌలుకిండు.

మూడవది. అంతయు అమ్మకుడు. తిరిగి వచ్చుటకు పాత ఇల్లు, కొన్ని గుంటలైనను ఉంచుకొనుడు.

నాలుగవది. పురపాలక పరిధిలోని పొలమునకే గాక, ఆ పట్టణపు జనసంఖ్యను బట్టి పరిధి వెలుపల 2, 6, లేక 8 కిలోమీటర్లలోపు నున్న పొలమునకును అమ్మకపు లాభముపై ఆదాయపుపన్ను కలదు. స్వయముగనో తల్లిదండ్రులో రెండేండ్లు సాగుచేసిన పొలమును అమ్మి, రెండేండ్లలో వేరొకచోట సాగుభూమి కొన్నవారికి, ఆ కొన్న మేరకు మినహాయింపు దొరకును. సంతకమునకు ముందే లెక్క తెలిసినవారిని అడుగుడు.

అయిదవది. ఇంటిలోని స్త్రీలను అడుగుడు. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగమని 2005 నాటి చట్టము దేశమంతటికిని నిర్ణయించినది. భాగము మాట యటుండగా, నీరు మోయువారును, వాసనకు దగ్గు బిడ్డను రాత్రి ఎత్తుకొనువారును వారే.

పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ 1972లో స్థాపింపబడినప్పుడు, దాని పొలముల కొఱకు మన్మూలు, కాచిరెడ్డిపల్లి గ్రామములు లేచిపోయినవి. పోవుటయా, ఉండుటయా యని నిర్ణయించుకొను అవకాశము నేడు మీకున్నది, వారికి లేకపోయెను. ఆ యవకాశమును దళారి తొందరకు అప్పగింపకుడు.

మొదట ప్రశ్న యడిగిన సభ్యుని మూడవమారు పోయినప్పుడు కలిసితిమి. ఇంటిలో నడిగితివా యంటిమి. అతడు కొంచెము సిగ్గుపడి, అంతవరకు అడుగలేదని, మా మాటపై అడిగితినని చెప్పెను. అతని భార్య ఒక యెకరము కౌలుకిచ్చి, రెండవదానిలో కంది వేసి, బిడ్డ ఇంటరు ముగియువరకు సంగారెడ్డిలో రెండు గదులు తీసికొందమనినదట. పొలమునకు తాను వారమునకు మూడు దినములు బస్సులో వచ్చునట. అతడు మావద్ద కంది విత్తనము నాలుగు కిలోలు తీసికొని పోయెను.

ఇట్టి అనుభవము గల సభ్యులు తమ సంగతులు వ్రాసి పంపినచో రాబోవు సంచికలో ప్రకటింతుము.