బేకన్ లేని బేకన్ రుచి!

దుబాయ్, అబుధాబి హోటళ్ళలో ఉదయం బఫే దగ్గర మన పిల్లలు అడుగుతుంటారు: "నాన్నా, బేకన్ అంటే ఏమిటి? మనం తినొచ్చా?" శాకాహార కుటుంబాల్లో "వద్దు" అని ఒక్క మాటతో తేల్చేస్తే పిల్లలు ఊరుకోరు. ఎందుకు వద్దో, బదులుగా ఏముందో కూడా చెప్పాలి.

అసలు సంగతి

బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం. చాలావరకు పొగ కూడా పెడతారు. ఎమిరేట్స్‌లో కొన్ని సూపర్ మార్కెట్లు దీన్ని ముస్లిమేతరుల కోసం వేరుగా ఉంచిన విభాగంలో అమ్ముతాయి. బఫేల్లో ఎక్కువగా కనిపించేవి బీఫ్ బేకన్, టర్కీ బేకన్. పిల్లలూ, ఒకటి గుర్తుంచుకోండి: 'హలాల్' అని ఉన్నదల్లా 'వెజిటేరియన్' కాదు. టర్కీ కూడా పక్షి మాంసమే!

రుచి రహస్యం

ఉప్పు, పొగ, కొవ్వు, కరకర... ఈ నాలుగే బేకన్‌కి ఆ రుచి తెస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ మారినా దాదాపు అదే ఔట్‌పుట్ రాబట్టవచ్చు. 1954లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బోయర్ సోయా ప్రోటీన్‌ని నూలు పోగుల్లా తీసే పద్ధతికి పేటెంటు పొందారు. 1960లలో జనరల్ మిల్స్ కంపెనీ సోయాతో చేసిన 'బేకోస్' ముక్కల్ని మార్కెట్లోకి తెచ్చింది. మన మీల్ మేకర్ కూడా సోయాదే కదా!

ఆ మాటకొస్తే ఈ విద్య మన అమ్మమ్మలకి కొత్త కాదు. ఉప్పు మజ్జిగలో ఊరబెట్టి, ఎండబెట్టి, నూనెలో వేయించే చల్ల మిరపకాయల సూత్రమూ ఇంచుమించు ఇదే.

ఇంట్లో కొబ్బరి బేకన్

రెండు కప్పుల వెడల్పాటి ఎండుకొబ్బరి రేకులు (తీపి కలపనివి) తీసుకోండి. రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్ స్పూను ఖర్జూరం సిరప్, ఒక టీ స్పూను స్మోక్డ్ పాప్రికా పొడి కలిపి రేకులకి పట్టించండి. 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో 12 నుంచి 15 నిమిషాలు, మధ్యమధ్య కలుపుతూ వేయించండి. త్వరగా మాడతాయి, జాగ్రత్త! చల్లారాక కరకరలాడతాయి. సోయా సాస్‌లోనే ఉప్పుంది కాబట్టి వేరే వెయ్యొద్దు. ఓవెన్ పని మాత్రం అమ్మానాన్నలదే. దోసె మీద, శాండ్‌విచ్‌లో చల్లుకుంటే భలే ఉంటాయి.

లేబుల్ చదవండి

ఇండియా ప్యాకెట్ల మీద ఉండే పచ్చ చుక్క ఇక్కడ అన్ని దేశాల సరుకు మీదా ఉండదు. 'వెజ్జీ బేకన్' అన్నా కొన్నింట్లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. ఇ120 అనే ఎర్ర రంగు పురుగుల నుంచి తీసినది. ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. అలాగని మొక్కలతో చేసిందల్లా ఆరోగ్యమే అనుకోకండి. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇలాంటి ప్యాకెట్లలో ఉప్పు బాగానే ఉంటుంది.

ఈసారి షాపింగ్‌కి వెళ్ళినప్పుడు ప్యాకెట్ పిల్లల చేతికివ్వండి. చదివి, తీసుకోవాలో వద్దో వాళ్ళనే చెప్పమనండి. రేపు స్నేహితుల పుట్టినరోజు పార్టీలో మనం పక్కన లేకపోయినా, ఏది తినాలో వాళ్ళే తేల్చుకుంటారు.