నేలలోని పగుళ్లను పట్టిచ్చే 'కాటా'

"మళ్లీ ఎప్పుడొస్తుంది?" ములుగు ప్రాంతంలో భూకంపం మాట వస్తే ఎవరైనా అడిగేది ఇదే. 2024 డిసెంబరు 4న ఉదయం 7.27 గంటలకు అక్కడ నేల కదిలింది. తీవ్రత 5.3. ప్రకంపనలు హైదరాబాదు దాకా తెలిశాయి. అంతకు 55 ఏళ్ల ముందు, 1969 ఏప్రిల్ 13 రాత్రి, భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది.

రెండూ గోదావరి లోయలోనే ఎందుకు వచ్చినట్టు?

కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ నేల పొడవాటి పగుళ్ల మధ్య కుంగింది. ఈ పగుళ్లనే శాస్త్రజ్ఞులు భ్రంశాలంటారు. కుంగినచోట ఇసుక, ఒండ్రు, చెట్టూచేమా పేరుకుని ఇసుకరాయిగా, బొగ్గుగా మారాయి. సింగరేణి బొగ్గు అలా వచ్చిందే. పగుళ్లు మాత్రం మట్టి కింద దాగున్నాయి. ఒత్తిడి పెరిగితే ఆ బలహీనమైన చోటే రాళ్లు జారతాయి. అదే భూకంపం.

మరి తవ్వకుండా పగులును కనిపెట్టేదెలా?

ఊక బస్తా, ఇసుక బస్తా ఒకే సైజులో ఉన్నా ఎత్తితే తేడా తెలుస్తుంది. రాళ్లూ అంతే. గ్రానైటు బరువు, ఇసుకరాయి తేలిక. బరువైన రాయి ఉన్నచోట భూమి ఆకర్షణ రవ్వంత ఎక్కువ. గ్రావిమీటరు అనే పెట్టెలో స్ప్రింగుకు వేలాడే బరువు ఆ రవ్వంత తేడాను పసిగడుతుంది. మీటరు ఎత్తు ఎక్కితేనే 0.3 మిల్లీగాల్ ఆకర్షణ తగ్గుతుంది. అందుకే ప్రతి చోటా ఎత్తు కూడా కొలుస్తారు.

ఇలా కొలిస్తే గోదావరి లోయ నడుమ ఆకర్షణ తక్కువగా, రెండు అంచుల్లో ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కొద్ది దూరంలోనే అంకె గభాలున మారితే అక్కడ భ్రంశం ఉందేమోనని చూడాలి. అదే పటం మీద భూకంపాలు పుట్టిన చోట్లు గుర్తిస్తే ఏ పగులు ఇంకా కదులుతోందో ఆచూకీ దొరుకుతుంది. 1961లో ఏర్పడిన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇటువంటి పరిశోధనలు చేస్తోంది.

ఈ పెట్టె జోస్యం చెప్పదు. భూకంపం వచ్చే రోజు, గంట చెప్పే పరికరం ప్రపంచంలోనే లేదు. ఎక్కడ జాగ్రత్తపడాలో మాత్రం తెలుస్తుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో రాతి, మట్టి గోడలు నిద్రలో ఉన్నవారిపై కూలి వేలాది మంది చనిపోయారు. లోయలో కొత్త ఇల్లు కట్టేవారు నాలుగు గోడలనూ కలిపి పట్టి ఉంచేలా ఇనుప చువ్వలతో సిమెంటు బెల్టు వేయించుకోవాలి. అది మన చేతిలో ఉన్న పనే.