లండన్ దుడ్లు

అనంతపురం జిల్లాలో మా జేజి వాళ్ళ ఊరి బయట, వంక మీద ఒక చెక్ డ్యామ్ ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు "ఇది ఎవరు కట్టించినారు జేజీ?" అని అడిగితే, "లండన్ దుడ్లంట నాయనా" అంది. నేను నవ్వేశాను.

హాస్టల్‌కి వచ్చాక వెతికితే, జేజి మాట నిజమే కావచ్చనిపించింది. 1999లో మొదలైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధి పథకం కింద అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులు జరిగాయి. డబ్బులిచ్చింది డీఎఫ్ఐడీ అనే బ్రిటన్ ప్రభుత్వ శాఖ. దాన్ని పెట్టింది అక్కడి లేబర్ పార్టీ.

అంతకుముందు కథ వేరు. కన్జర్వేటివ్ ప్రభుత్వం మలేషియాలోని పెర్గావ్ డ్యామ్‌కి 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇచ్చింది. దాని వెనక ఆయుధాల అమ్మకం బేరం ఉందని బయటపడి పెద్ద గొడవైంది. 1994లో కోర్టు ఆ సాయం చట్టవిరుద్ధం అంది. 1997లో గెలిచిన లేబర్, సాయాన్ని విదేశాంగ శాఖ నుంచి విడదీసి, క్లేర్ షార్ట్ మంత్రిగా డీఎఫ్ఐడీ పెట్టింది. "మా డబ్బుతో మా సరుకే కొనాలి" అన్న షరతు 2001లో తీసేసింది. సాయం పేదరికం తగ్గించడానికే అని 2002లో చట్టం చేసింది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఇంక లెక్క. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో చెప్పింది. అంటే వంద పౌండ్లలో 70 పెన్నీలు. దీన్ని 2013కల్లా అందుకుంటామని లేబర్ మాటిచ్చింది. తర్వాత కామెరాన్ ప్రభుత్వం ఆ గడువుకే అందుకుంది. 2015లో చట్టం కూడా అయింది. కానీ ఆ చట్టం మన కంపైలర్ ఇచ్చే వార్నింగ్ లాంటిది, ఎర్రర్ కాదు. టార్గెట్ తప్పితే మంత్రి పార్లమెంటుకి కారణం చెప్తే చాలు, ప్రోగ్రామ్ రన్ అవుతూనే ఉంటుంది.

అలాగే అయింది. 2020లో కన్జర్వేటివ్‌లు డీఎఫ్ఐడీని విదేశాంగ శాఖలో కలిపేశారు. 2021లో సాయాన్ని 0.5కి తగ్గించారు. వీలైనంత త్వరగా మళ్ళీ 0.7కి తెస్తామని 2024లో లేబర్ మేనిఫెస్టోలో రాసుకుంది. గెలిచింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్, రక్షణ ఖర్చు కోసం 2027కల్లా 0.3కి తగ్గిస్తామన్నారు. అభివృద్ధి మంత్రి అనలీస్ డాడ్స్ రాజీనామా చేశారు. పైగా ఈ మధ్య సంవత్సరాల్లో ఆ సాయం డబ్బులో నాలుగో వంతుకు పైగా బ్రిటన్‌లోనే శరణార్థుల వసతికి పోయిన ఏడాదీ ఉంది.

రష్యా భయం నిజమే, డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గించాలి, ఒప్పుకుంటాను. కానీ అక్కడే ఎందుకు తగ్గింది? ఆ డబ్బు అందుకునేవాళ్ళకి బ్రిటన్‌లో ఓటు లేదు కాబట్టి. నాకు తోచిన జవాబు ఇదే.

మనకి ఆ గ్రాంట్లు 2015కల్లా ఆగిపోయాయి. ఇప్పుడు మన దేశమే భూటాన్‌కి, నేపాల్‌కి సాయం చేస్తోంది. ఆ సాయం గురించి మన పార్టీల మేనిఫెస్టోల్లో ఏముందో మీలో ఎవరైనా చూశారా? నేనైతే మొదటి ఓటు వేసేశాను, చూడలేదు.