రాగి రంగు వేరు... రాగి వేరు!

మా నాన్నకి గుంటూరు దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటారు కాలిందంటే చుట్టుపక్కల రైతులు ఆయన దగ్గరికే తెస్తారు. నేను మాత్రం బీటెక్ చేసి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. మోటారు వేడెక్కితే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న బోర్డు ఒకటి తయారుచేశా. నాన్న షాపు ద్వారా నలుగురు రైతులకి ఇద్దామని ప్లాన్.

బోర్డు చల్లగా ఉండాలిగా! ఇంట్లో ఉన్న త్రీడీ ప్రింటర్‌లో 'కాపర్ ఫిలమెంట్' పెట్టి హీట్ సింక్ ప్రింట్ చేశా. రుద్దితే పూజగదిలో రాగి చెంబులా మెరిసింది. సంక్రాంతికి ఊరెళ్లి గర్వంగా నాన్న చేతిలో పెట్టా. ఆయన మల్టీమీటర్ తీసి రెండు వైపులా ఆనించారు. బీప్ రాలేదు.

"ఒరేయ్, ఇది రాగి కాదురా, రాగి రంగు" అన్నారు.

నిజమే. ఆ ఫిలమెంట్‌లో ఉండేది ప్లాస్టిక్‌లో కలిపిన రాగి పొడి. ప్రతి రేణువు చుట్టూ ప్లాస్టిక్ ఉంటే కరెంటు దాటేదెలా? వేడికీ అదే అడ్డం. వాటిని అలాగే ఇచ్చేసి ఉంటే మే నెల ఎండలకి బోర్డులు పోయేవి, వాటితోపాటు నాన్న మాట కూడా!

మరి అసలు రాగిని ప్రింట్ చేయలేమా? చేయొచ్చు. పలుచగా పరిచిన లోహపు పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగిస్తారు. చిక్కేమిటంటే, రాగి మంచి గుణాలే ఇక్కడ అడ్డొస్తాయి. మామూలుగా వాడే ఇన్‌ఫ్రారెడ్ లేజర్ కాంతిలో 90 శాతానికి పైగా అది వెనక్కి కొట్టేస్తుంది. పీల్చుకున్న కాస్త వేడీ చుట్టూ పాకిపోతుంది. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల సెల్సియస్ కావాలి. సరిగ్గా కరగకపోతే లోపల సన్నటి బొక్కలు మిగులుతాయి. వాటివల్ల బలమూ తగ్గుతుంది, వేడినీ కరెంటునీ మోసే శక్తీ తగ్గుతుంది. అందుకే ఇప్పుడు రాగి బాగా పీల్చుకునే ఆకుపచ్చ లేజర్లు వాడుతున్నారు.

ఇంకో దారి మిశ్రమ లోహాలు. రాగిలో కొద్దిగా క్రోమియం, జిర్కోనియం కలుపుతారు. ప్రింటర్ నుంచి తీసిన వెంటనే దాంట్లో కరెంటు అంత బాగా పారదు. రాగి అణువుల మధ్య ఇరుక్కున్న క్రోమియం అణువులు ఎలక్ట్రాన్లకి అడ్డుపడతాయి. దాన్నే కొలిమిలో సరైన వేడి మీద కొన్ని గంటలు ఉంచితే క్రోమియం విడిపోయి చిన్న రేణువులుగా మారుతుంది. అప్పుడు బలమూ పెరుగుతుంది, కరెంటూ బాగా పారుతుంది. అంటే ప్రింట్ అయిపోగానే పని అయిపోయినట్టు కాదు.

2015లో నాసా ఒక రాకెట్ ఇంజిన్ దహన గది లోపలి గోడని రాగి, క్రోమియం, నియోబియం మిశ్రమంతో ప్రింట్ చేసింది. 8,255 పొరలు, 10 రోజుల 18 గంటలు! లోపల మంట దాదాపు 2,760 డిగ్రీలు. రాగి కరిగే వేడికి రెట్టింపు కంటే ఎక్కువ. అయినా తట్టుకోవాలంటే గోడలోని 200కు పైగా సన్నటి కాలువల్లో అతి చల్లని వాయువు పారుతూ ఉండాలి. అలాంటి కాలువల్ని మామూలు పద్ధతిలో చెక్కడం చాలా కష్టం. ప్రింటింగ్ అక్కరకొచ్చేది అక్కడే.

ఇదంతా చెప్తే నాన్న ఒకటే అడిగారు, "మన వైండింగ్‌కి పనికొస్తుందా?"

"లేదు నాన్నా, దానికి మీ తీగే చవక, మీ తీగే మేలు" అన్నా.

బోర్డులకి చివరికి బజార్లో దొరికే అల్యూమినియం హీట్ సింకులే పెట్టా. నేను ప్రింట్ చేసింది ఇప్పుడు షాపులో బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా ఉంది.