కొండమీద రెండు రాత్రులు

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే రోజులు వచ్చాయంటే మన సంఘ యౌవనస్థులకు కొండ గుర్తుకొస్తుంది. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారి చుట్టూ మూగి, "ఎప్పుడండీ?" అని అడగడం మొదలుపెడతారు. మేము వెళ్లేది హార్స్‌లీ హిల్స్‌కు. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరం, నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వేసవి గడపడానికి అక్కడ ఇల్లు కట్టుకున్న తర్వాత ఆయన పేరు నిలిచిపోయింది. కొన్నేళ్లుగా మందుల సంచి పట్టుకుని నేనూ ఆ పిల్లల వెంట వెళ్తున్నాను.

ఈ ప్రాంతంలో కొండగాలికీ వైద్యానికీ పాత చుట్టరికమే ఉంది. 1915లో మదనపల్లె దగ్గర మిషనరీలు ఆరంభించిన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం గురించి మన పెద్దలు విన్నదే. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి ఆహారం, స్వచ్ఛమైన గాలి, ఇవే చికిత్స. మందులు వచ్చాక గాలి మాట మరిచిపోయాం. ఇప్పటి ఇంటర్ పిల్లల్ని చూడండి. తెల్లవారకముందే బస్సు, పొద్దుగూకాక ట్యూషను, పడుకునేదాకా ఫోను. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లల్లో ఎంతమందికి అది ఉంది?

కొండ ఎక్కేటప్పుడు మాది ఒక పద్ధతి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని వరుసలో ముందు పెడతాం. మొదటిసారి కుర్రవాళ్లు విసుక్కుంటారు. మలుపులు నాలుగు దాటేసరికి వాళ్లే ముందున్నవాళ్ల సంచి అందుకుంటారు. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనది, మాట తెగుతుంటే ఆగాలి. పైకి చేరేసరికి గాలి మారుతుంది, కింద పట్టణం కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ముప్పై మందికి ఉప్మా కలపడానికి గరిటె పట్టిన మగపిల్లలు మర్నాడు ఇంట్లో ఆ పని చేస్తారో లేదో నాకు తెలియదు గానీ, అక్కడ మాత్రం పోటీపడి చేస్తారు. మాడినా తింటారు.

అసలు ఆనందం రాత్రి వస్తుంది. బస చేసిన ఆవరణలో, అనుమతి ఉన్న చోటనే, చిన్న నెగడు వేస్తాం. పాటలు, ప్రార్థన అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. సంవత్సరమంతా గుడిలో వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చునే ఒక అబ్బాయి ఆ చీకట్లో నోరు తెరిచి, పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు. పగటి వెలుగులో, ఎదురెదురు కుర్చీల్లో, ఆ మాట నాతో అనేవాడు కాదు.

ఇక భయం సంగతి. ఒక సంవత్సరం కొండ దిగి వచ్చిన పదకొండో రోజున మా గుంపులో ఒక అబ్బాయికి జ్వరం పట్టుకుంది. విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు. టైఫాయిడ్ అనుకుని నాలుగు రోజులు బయట మందులు వాడారు. తగ్గలేదు. మా దగ్గరకు తీసుకొచ్చినప్పుడు ఒళ్లంతా చూస్తే, నడుము దగ్గర బెల్టు కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఒకటి కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే అబ్బాయికే తెలియదు. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన ఆరు రోజుల నుండి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. డాక్సీసైక్లిన్ అనే పాత మందుకు లొంగుతుంది. మా అబ్బాయికి రెండు రోజుల్లో జ్వరం దిగింది.

కానీ సంఘంలో మాట మొదలైంది. ఇక కొండ యాత్రలు వద్దని కమిటీలో కొందరు గట్టిగానే అన్నారు. నాకూ జవాబు తోచలేదు. అప్పుడు ఆ అబ్బాయి తండ్రి, రైతు, లేచి, "ఆ పురుగు మా చేని గట్టు మీద కూడా ఉంటుందంట గదా. చేను మానేస్తామా? వాణ్ణి నేను మళ్లీ పంపిస్తా" అన్నాడు. ఆ మరుసటి సంవత్సరం పేర్లు ఇంకా ఎక్కువ వచ్చాయి.

అప్పటి నుండి కొన్ని విషయాల్లో నేను మొండిదాన్ని. పొడవు చేతుల చొక్కా, ప్యాంటు, మేజోళ్లు లేకుండా ఎవరూ నడవరు. గడ్డి మీద బట్టలు ఆరేయరు, పడుకోరు. ఇంటికి చేరగానే స్నానం చేసి, బట్టలు ఉతుక్కోవాలి. మూడు వారాల్లో జ్వరం వస్తే "కొండకు వెళ్లొచ్చాం" అని డాక్టరుతో మొదటే చెప్పాలి. ఆ ఒక్క మాటతో రోజులు కలిసొస్తాయి.

రాత్రి ఉత్త నేల మీద పడక లేదు. జిప్పు వేసిన గుడారం, లేదా అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము కాటేమోనని అనుమానించాలి. కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ఆయాసం ఉన్న పిల్లల తల్లులు నన్ను పక్కకు పిలిచి, "మా వాడు ఎక్కగలడా అమ్మా?" అని అడుగుతుంటారు. రోజూ వాడే ఇన్‌హేలర్ మానకుండా ఉండి, ఉబ్బసం అదుపులో ఉంటే చాలామంది ఎక్కగలరు. బయలుదేరే ముందు ఒకసారి చూపించుకోండి. ఈసారి పేరు ఇచ్చేటప్పుడు పిల్లలు వాడే మందులు, పడని మందులు ఒక చీటీ మీద రాసివ్వండి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్లు రెండు పంపండి. ఒకటి వాడి జేబులో, ఒకటి నా సంచిలో ఉంటుంది.