మంద్రధ్వనికి మారువేషములు

శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు చేరి, అచ్చటినుండి అమ్రాబాదు వైపు మళ్లినచో నల్లమల అడవి ఇరుప్రక్కల నావరించును. ఈ అడవి అంచు పల్లెలలో తరతరములుగా వినబడిన వాద్యము కిన్నెర. వెదురుకర్ర, ఎండిన సొరబుర్రలు, తీగలు, మెట్లను నిలుపుటకు తేనెమైనము, ఇంతే దాని సామగ్రి. నెమలి యీకలును, అద్దపు బిళ్లలును కంటికింపు కొరకు. లింగాల మండలములోని అవుసలకుంటకు చెందిన శ్రీ దర్శనం మొగులయ్యగారికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించి వీరగాథలు పాడినందులకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అంతకు ముందు యేడు ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటలో ఆయన గొంతు రాష్ట్రము నలుమూలలకు ప్రాకినది.

కిన్నెరకు సొరబుర్ర యేల? తీగ యొక్కటే మ్రోగినచో దాని చప్పుడు నాలుగు బారల దూరమైనను పోదు. బుర్రలోని గాలి తీగతోపాటు కదలి, కొన్ని స్వరములను ఉబ్బించును, కొన్నిటిని అణచును. అనగా తీగ పలికినదానిని బుర్ర మార్చి పలుకును. తంబురాలో గుర్రముమీద తీగక్రింద నుంచెడి దారపు పోగు చేయునదియు ఇట్టి పనియే. ఆ చిన్నపోగు లేనిచో తంబురా మూగవోవును. ధ్వనికి వేషము వేయుట విద్యుత్తు వచ్చిన తరువాత పుట్టిన విద్య కాదు.

ఐతే ఒక భేదము కలదు. కిన్నెరనుండి బుర్రను విడదీసి ధ్వనిని వినుట సాధ్యము కాదు. విద్యుత్ వాద్యములలో అది సాధ్యము. ఇంటిలో పాట రికార్డు చేసికొను యువకులు ఈ సదుపాయమునే తరచు మరచుచున్నారు.

బేస్ గిటారు అను మంద్రవాద్యమునకు నేటి రూపము 1951లో అమెరికాయందు లియో ఫెండర్ విక్రయించిన ప్రెసిషన్ బేస్‌తో స్థిరపడెను. దాని నాలుగు తీగలలో మిక్కిలి లావైన ‘ఇ’ తీగ సెకనుకు సుమారు 41 పర్యాయములు కంపించును. తీగల క్రింది అయస్కాంతపు చుట్టలు ఆ కంపనమును విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు యంత్రమును చేరులోపల, మార్గమధ్యమున కాలితో నొక్కు చిన్న పెట్టెలను తగిలించి ధ్వనిని మార్చవచ్చును. వీనినే ఎఫెక్ట్ పెడళ్లు అందురు.

వీనిలో పేరుమోసిన ‘ఫజ్’ పుట్టుక చమత్కారమైనది. నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ అను పాట రికార్డు చేయుచుండగా యంత్రములోని ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడిపోయెను. గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల మంద్రగిటారు బొంగురుపోయి గరగరలాడెను. దానిని చెరిపివేయక అట్లే యుంచిరి. 1961లో ఆ పాట జనాదరణ పొందెను. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడుగునే కావలెనని పుట్టించు పరికరమును రూపొందింప, 1962లో గిబ్సన్ సంస్థ దానిని మేస్ట్రో ఫజ్-టోన్ అను పేర అమ్మకమునకు తెచ్చెను. యంత్రదోషము విపణిలో సరుకైనది! అదియు మంద్రగిటారు గొంతునుండియే.

ఈ గరగరకు శాస్త్రప్రయోజన మొకటి కలదు. భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిని తమ తరగతిలో ముచ్చటింపవచ్చును. 41 కంపనల స్వరమును చేతిఫోనులోని చిన్న స్పీకరు పలుకజాలదు. కాని తీగ 41తోపాటు దాని గుణిజములైన 82, 123, 164 మున్నగు స్వరములను కూడ పుట్టించును. పై స్వరములు చెవిని చేరినచో, చేరని మూలస్వరమును మన మెదడు తానే ఊహించుకొనును. ఫజ్ తరంగముల శిఖరములను నరికి ఈ పై స్వరములను పెంచును. కనుక చిన్న స్పీకరులో సైతము బేస్ వినబడినట్లు తోచును.

దీనికి చెల్లించు మూల్యము తక్కువది కాదు. పెక్కు ఫజ్ పెట్టెలు పైస్వరములను పెంచుచు మూలస్వరమును పలుచబరచును. గోడ చిత్రములు నిండుగా నుండును, పునాది కదలును. ఇందులకు విరుగుడు ధ్వనిని రెండు పాయలుగా చీల్చుట. ఒక పాయ పెడలు గుండా పోవును, రెండవది ఏ మార్పును లేక పోవును. 1965లో బీటిల్స్ బృందము ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ పాటలో పాల్ మెకార్ట్‌నీచే సాధారణ బేస్‌ను, ఫజ్ బేస్‌ను వేరువేరుగా వాయింపజేసి రెండింటిని కలిపెను.

ఇంటిలో ఈ పని మరింత సులభము. గిటారును ఆడియో ఇంటర్‌ఫేస్‌కు నేరుగా కలిపి, ముందు మార్పులేని ధ్వనిని రికార్డు చేయవలెను. పిదప ఆ ధ్వనినే పెడలులోనికి మరల పంపియో, కంప్యూటరులోని పరికరములతోనో ఎన్ని వేషములైనను వేయవచ్చును. నచ్చనిచో తుడిచివేయవచ్చును. ఫజ్‌తో కలిపి ఒక్కటే రికార్డు చేసినవానికి వెనుకకు దారి లేదు. పెరుగును మరల పాలుగా చేయగలమా?

రెండు పాయలను కలుపునపుడు జాగరూకత వలయును. ఒకటి సెకనులో 200వ వంతు ఆలస్యమైనను, 100 కంపనల స్వరమున ఒకదాని శిఖరము రెండవదాని పల్లముతో కలిసి రెండును సన్నగిల్లును. మార్పు లేని ధ్వనిని చేర్చినకొలది బేస్ బలహీనమగుచున్నచో కారణ మిదియేమో చూడవలెను.

మన యిండ్లలో మరియొక చిక్కు విద్యుత్ రొద. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములది. ‘ఇ’ తీగపై మూడవ మెట్టు స్వరము 49 కంపనలది. రెండును ఇరుగుపొరుగులు! రొదను వడగట్టబోయిన స్వరమును పోవును. ఫజ్ ఆ రొదను పదింతలుగా చాటును. పెడళ్లు సాధారణముగ 9 వోల్టులతో నడచును గనుక, రికార్డు చేయునంతసేపు బ్యాటరీతో నడుపుట చౌకయైన చికిత్స.

తక్కిన పెడళ్ల సంగతి క్లుప్తముగ చెప్పవచ్చును. కంప్రెసరు హెచ్చుతగ్గులను సరిచేయును, మితముగా వాడిన మేలు. ఆక్టేవ్ క్రింది స్థాయి స్వరమును జతచేయును, ఒక్కొక్క స్వరముగా వాయించినపుడే నిలకడగా పలుకును. ప్రతిధ్వని పెట్టెలు బేస్‌ను బురదచేయును.

ఈ వివేకము నల్లమల అంచున మరింత అవసరము. బేస్ గిటారు ధ్వని చెడినచో రేపు మరల వాయింపవచ్చును. కిన్నెర వాయించు దక్కలి కళాకారులు నేడు మిక్కిలి అరుదు. వృద్ధకళాకారుడు నేడు పలికించినది రేపు దొరకకపోవచ్చును. ఉపాధ్యాయులు, విద్యార్థులు చేతిఫోనుతో అట్టి వాద్యమును రికార్డు చేయునపుడు, ఎవరును నొక్కని పెడలు ఒకటి లోపల పనిచేయుచుండవచ్చును. మాటలకొరకు ఏర్పరచిన రొదనివారణ, ఎడతెగని తీగమ్రోతను రొదగా భావించి కొరికివేయును. తానుగా హెచ్చుతగ్గులను సరిచేయు ఏర్పాటు మీటుపట్టును చదును చేయును. ఈ రెండింటిని ఆపుటకు వీలుండు రికార్డింగు యాప్‌ను ఎన్నుకొని, మైకును బుర్రకు మూరెడు దూరమున నిలిపి, ఆ మూలప్రతికి ఏ అలంకారమును చేయక తేదీ, ఊరు, వాయించినవారి పేరు వ్రాసి రెండు చోట్ల భద్రపరుపవలెను. ప్రతిధ్వనులు, ఫజ్‌లు, సినిమా హంగులు దాని నకలుకు.