వార్తల్లో పదం: కార్బనేట్ సిమెంట్

చమురు, సహజవాయు వార్తల్లో వినిపించే ‘కార్బనేట్ సిమెంట్’కు ఇళ్లు కట్టే సిమెంటుతో సంబంధం లేదు, భూగర్భంలో ఇసుక రేణువుల నడుమ ఖాళీల్లో నీటి నుంచి వేరుపడి, ఆ రేణువులను అతికించే కాల్సైట్, డోలమైట్, సిడరైట్ వంటి ఖనిజాలకు అది పేరు. గ్రానైట్, నైస్ శిలలపై నిలిచిన వరంగల్ జిల్లా వర్ధన్నపేట కింద అలాంటి ఇసుకరాళ్లు లేవు. ఉత్తరాన భూపాలపల్లి బొగ్గు పొరలను అంటిపెట్టుకున్న గోండ్వానా ఇసుకరాళ్లలోనో, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ గ్యాస్ తీస్తున్న మండపేట ఇసుకరాతిలోనో ఆ సిమెంటును చూడాలి.

అయితే ఖనిజం నీటి నుంచి వేరుపడే ఈ రసాయన చర్య వర్ధన్నపేట వంటింట్లోనూ జరుగుతుంది. బోరు నీటిని కాచినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోగా, నీటిలో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బనేట్ కలిసి గిన్నె అడుగున తెల్లని పొరగా పేరుకుంటాయి. భూగర్భంలోనూ వేడి పెరిగినా, పీడనం తగ్గి ఆ వాయువు తప్పించుకున్నా కాల్సైట్ అదే తీరున అవక్షేపిస్తుంది. తక్కువ లోతులో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి కార్బన్‌ను సమకూరిస్తే, లోతున వేడికి విచ్ఛిన్నమయ్యే సేంద్రియ ఆమ్లాలు కార్బన్‌నూ, రూపాంతరం చెందే ఫెల్డ్‌స్పార్ కాల్షియంనూ అందిస్తాయి. సల్ఫేటు కొరవడి, ఇనుము సమృద్ధిగా ఉన్న మంచినీటి అవక్షేపాల్లో సిడరైట్ ఏర్పడుతుంది.

ఈ సిమెంటును కేవలం శత్రువుగా చూడడం తొందరపాటే. రంధ్రాలను పూడ్చి గ్యాస్ ప్రవాహాన్ని అడ్డుకుంటుందన్న మాట నిజమే గానీ, ముందుగా ఏర్పడిన సిమెంటు పైపొరల బరువుకు రేణువులు నలిగి దగ్గరకు జరగకుండా కాపాడుతుంది. తర్వాత ఆమ్లగుణం గల నీరు దాన్ని కరిగిస్తే ఆ ఖాళీలు మళ్లీ తెరుచుకుంటాయి. రాతిలో ఏ సిమెంటు ఉందో గుర్తించడానికి, పలుచగా కోసిన రాతిముక్కకు అలిజరిన్ రెడ్ అనే రంగు అద్దితే కాల్సైట్ ఎర్రబారుతుంది, డోలమైట్ రంగు పట్టదు.